చెట్టు మీది దయ్యం, పొరుగింటి మనిషి

(ఆచార్య బిరుదురాజు రామరాజు స్మృతిలో కామారెడ్డి జిల్లా తాడ్వాయిలో చేసిన ఉపన్యాసానికి అచ్చు రూపం)



ఆచార్య బిరుదురాజు రామరాజు గారు 1925లో ఓరుగల్లు ప్రాంతంలోని దేవనూరులో పుట్టారు. చదువుకున్నవాళ్లు పల్లె పాటను పాటగా లెక్కచేయని రోజుల్లో ఆయన ఊరూరా తిరిగి పాటలు రాసుకున్నారు. తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన పరిశోధన 1950లలో వెలువడింది. నాట్లు వేసే అమ్మ నోట ఉన్నది కూడా సాహిత్యమేనని విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవడానికి ఆ పని దారి వేసింది. 2010లో ఆయన కన్నుమూశారు. జనం నోటి మాటను గౌరవించి వినడం ఆయన మనకిచ్చిన పాఠం. ఆ పాఠాన్ని పట్టుకునే ఈ రోజు కాస్త కష్టమైన విషయం ఎత్తుకుంటున్నాను. దయ్యాల గురించి, చేతబడి గురించి, బాణామతి గురించి మాట్లాడతాను.

తాడ్వాయిలోనే ఎందుకు మాట్లాడాలి? ఉత్తర తెలంగాణకు, మెదక్ సీమకు, కర్ణాటక సరిహద్దుకు, మరాఠ్వాడాకు నడుమ ఉన్న ఈ నేల మీద చేతబడికే మరో పేరైన బాణామతి అన్న మాట తరతరాలుగా తిరుగుతోంది. ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి, తాడ్వాయి ఊళ్లలో ఆ మాట వినని ఇల్లు అరుదు. ఫిలిప్పీన్స్ దేశాన్ని కూడా వెంట తీసుకువచ్చాను. దానికీ కారణం ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి ఎంతోమంది పిల్లలు డాక్టరు చదువు కోసం ఆ దేశానికి, ముఖ్యంగా దావావ్ నగరానికి వెళ్తున్నారు. మన పిల్లలు వైద్యం నేర్చుకుంటున్న ఆ దీవుల్లోనూ మనలాంటి భయాలే ఉన్నాయి. ఆ భయాలకు అక్కడ ఏమైందో చూస్తే మన సంగతి మనకు ఇంకా తేటగా కనబడుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దయ్యం కథలో ఉన్నంతకాలం అది మన సొత్తు. దానికి ఊళ్లో ఉన్న ఒక మనిషి పేరు పెట్టిన క్షణాన అది నేరానికి నాంది. ఈ రెంటికీ నడుమ గీత ఎక్కడుందో పోల్చుకోవడమే ఈ ఉపన్యాసం పని.

మన దయ్యాలు

తెలుగువాళ్ల దయ్యాల లోకం చిన్నదేమీ కాదు. అర్ధరాత్రి పొలం గట్టు మీద నిప్పు పట్టుకుని నడిచేది కొరివిదయ్యం. చదువుకుని దారి తప్పిన బ్రాహ్మణుడు చచ్చి మర్రిచెట్టెక్కితే బ్రహ్మరాక్షసుడు. శాకినులు, ఢాకినులు, పిశాచాలు, మోహినులు వేరే. చింతచెట్టు కింద పడుకుంటే గుండెల మీద కూర్చునేది ఒకటి, ఊరి బయటి బావిలో ఉండేది మరొకటి. శవం మోస్తూ విక్రమార్కుడు నడిచాడు, శవంలోని బేతాళుడు కథ చెప్పాడు. ‘చందమామ’ చదివిన తరాలన్నీ ఆ బేతాళుణ్ణి చుట్టంలా ఎరుగుదురు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో ఎస్వీ రంగారావు గారి నేపాళ మాంత్రికుడు తెరమీదికి రాగానే పిల్లలు తల్లి కొంగులో తల దూర్చుకున్నారు. ఆ తర్వాతి తరం యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ చదివి రాత్రిళ్లు దీపం ఆర్పడానికి జంకింది.

ఈ కథలకు మనకు తెలియకుండానే చేసిపెట్టే పనులు ఉన్నాయి. మసకచీకట్లో పిల్లలు బావి దగ్గరికి పోకుండా ఆపింది బావి దయ్యమే. రాత్రి ఒంటరిగా అడవి దారి పట్టవద్దన్న హెచ్చరిక కొరివిదయ్యం కథలో ఉంది. బాలింత మంచం కింద ఇనుప ముక్క, గుమ్మానికి వేపమండ పెట్టిన ఇంట్లో బయటివాళ్లు ఆ గదిలోకి ఊరికే జొరబడరు. మంచి, చెడు, సిగ్గు, భయం, హద్దు అన్నీ ఈ కథల నుంచే పిల్లలకు అందాయి.

కొన్నేళ్ల కింద మన ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద “ఓ స్త్రీ రేపు రా” అని రాసుకున్న కాలం మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రాత్రి వచ్చి తలుపు కొట్టే ఆడదయ్యం ఆ రాత చదివి వెనక్కి పోతుందని నమ్మకం. రేపు వచ్చినా మళ్లీ రేపే రమ్మంటుంది ఆ గోడ. కర్ణాటకలోనూ అదే కాలంలో అదే అర్థమిచ్చే మాట తలుపులకెక్కింది. భయం రాష్ట్రాలు దాటింది, సుద్దముక్కతోనే దానికి విరుగుడూ దొరికింది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ ఆడదయ్యానికి ఊరు లేదు, కులం లేదు, ఇంటి నంబరు లేదు. అందుకే ఆ భయం వల్ల ఎవరి ఇల్లూ కాలలేదు. కొరివిదయ్యం అన్న నెపంతో ఎవరినీ చెట్టుకు కట్టి కొట్టలేదు. బ్రహ్మరాక్షసుడన్న అనుమానంతో ఎవరి పళ్లూ ఊడగొట్టలేదు. మనిషి పేరు లేని దయ్యం మనిషికి చేసిన కీడు తక్కువ.

సముద్రం అవతల

ఫిలిప్పీన్స్ దీవుల్లో పెద్దపెద్ద చెట్ల మీద కాళ్లు వేలాడేసుకుని చుట్ట తాగే నల్లని భూతం ఉంటుంది. దాని పేరు కాప్రే. గుర్రం తల, మనిషి ఒళ్లు ఉన్న టిక్‌బాలంగ్ బాటసారులను దారి తప్పిస్తుంది. చొక్కా తిరగేసి తొడుక్కుంటే మళ్లీ దారి దొరుకుతుందంటారు. అడవిలో పసిపాపలా ఏడ్చి, ఎత్తుకున్నవాళ్ల గొంతు కొరికేది తియానక్. చెట్ల పక్కనుంచో, పుట్ట పక్కనుంచో పోయేటప్పుడు కనబడనివాళ్లకు తగలకుండా “తబి తబి పో” అంటూ మర్యాదగా తప్పుకోమని అడుగుతారు. పుట్టకు దండం పెట్టి పక్కకు జరిగే మన తాతలకు ఆ మర్యాద వెంటనే అర్థమవుతుంది.

ఇవన్నీ మన చెట్టు మీది దయ్యాల బాపతు. ఆ దేశాన్ని ఎక్కువగా భయపెట్టింది ఇవేవీ కావు. దాని పేరు అస్వాంగ్. పగటిపూట అది మామూలు మనిషి. నీ పొరుగింట్లోనే ఉంటుంది, సంతకు వస్తుంది, నవ్వుతూ మాట్లాడుతుంది. రాత్రి కాగానే రూపు మార్చి రక్తం తాగుతుంది, గర్భంలోని పిండాన్ని తింటుంది. ఈ జాతిలో మనానంగ్గల్ అనేది మరీ భయంకరం. అది నడుము దగ్గర రెండుగా తెగుతుంది. కాళ్లతో సహా కింది సగాన్ని అరటితోటలోనో, పొదలోనో నిలబెట్టి, పై సగం గబ్బిలం రెక్కలతో ఎగిరిపోతుంది. నిండు గర్భిణి ఉన్న ఇంటి పైకప్పు మీద వాలి, సందులోంచి దారంలాంటి పొడవాటి నాలుకను కిందికి దించుతుంది. దాన్ని చంపాలంటే పై సగంతో పోరాడక్కర్లేదు. పొదలో నిలబడి ఉన్న కింది సగాన్ని వెతికి, దాని మీద ఉప్పో, బూడిదో, వెల్లుల్లో చల్లితే చాలు. తెల్లవారేలోగా రెండు సగాలూ అతుక్కోలేక సూర్యుడు పొడవగానే చస్తుంది. ఆ కథ విన్న గర్భిణి ఇంటికప్పు కేసి ఎన్నిసార్లు చూసి ఉంటుందో ఊహించండి. కడుపులు పోయిన, కాన్పుల్లో తల్లులు చచ్చిపోయిన కాలానికి ఆ కథ ఒక జవాబు. మంత్రసాని చేతికి అందని కారణాన్ని ఆ కథ రెక్కలు కట్టి చూపించింది.

1589లోనే హువాన్ దె ప్లాసెన్సియా అనే స్పెయిన్ ఫ్రాన్సిస్కన్ ఫాదిరి ఆ దీవుల ఆచారాల మీద రాసిన నివేదికలో ఈ అస్వాంగ్ ప్రస్తావన ఉంది. స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడి ఊళ్లలో బబయ్‌లాన్ అనే పూజారిణులు ఉండేవారు. రోగం వస్తే మందు ఇచ్చేవాళ్లు, పంటకు పూజ చేసేవాళ్లు, చనిపోయినవారితో మాట్లాడతామనేవాళ్లు. కొత్త మతం వచ్చాక ఆ ఆడవాళ్ల మీద సైతాను మనుషులన్న ముద్ర పడింది. నిన్నటిదాకా ఊరు చేతులు జోడించిన పెద్దమ్మను నేడు ఊరే తరిమింది. అస్వాంగ్ కథలో ఆడవాళ్ల ముఖాలు అంత ఎక్కువగా కనబడటానికి ఇదీ ఒక కారణమని అక్కడి చరిత్రకారులు అంటారు.

ఇంకో సంగతి కూడా వినాలి. 1950ల మొదట్లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం హుక్ అనే రైతు గెరిల్లాలతో పోరాడుతోంది. ప్రభుత్వానికి సలహాదారుగా వచ్చిన ఎడ్వర్డ్ లాన్స్‌డేల్ అనే అమెరికా సైనికాధికారి తాము చేసిన పని గురించి తన జ్ఞాపకాల్లో స్వయంగా రాసుకున్నాడు. గెరిల్లాలు ఉన్న కొండ మీద అస్వాంగ్ తిరుగుతోందని ముందు పుకారు పుట్టించారు. తర్వాత రాత్రి గస్తీలో చివర నడుస్తున్న గెరిల్లాను చడీచప్పుడు లేకుండా పట్టుకుని, మెడ మీద రెండు గాట్లు పెట్టి, రక్తమంతా కారేట్టు చేసి, శవాన్ని మళ్లీ దారిలో పడేశారు. తెల్లారి చూసిన గెరిల్లాలు ఆ కొండ ఖాళీ చేశారట. దయ్యాన్ని నమ్మేవాళ్ల మీద, దయ్యాన్ని నమ్మనివాళ్లు దాన్నే ఆయుధంగా వాడారు. మన ఊళ్లలోనూ చేతబడి పేరు ఎత్తి పొలం గెట్టు గొడవ గెలిచినవాళ్లు, వేరుపడ్డ అన్నదమ్ముణ్ణి ఊరు దాటించినవాళ్లు తాము మంత్రాలను నమ్మి ఆ పని చేశారో, లేదో ఒకసారి ఆలోచించండి.

జబ్బుకు పెట్టిన పేరు

పనాయ్ దీవిలోని కాపిజ్ అనే ప్రాంతానికి ఆ దేశమంతటా అస్వాంగుల సీమ అని పేరు. ఆ పేరు అక్కడివాళ్లను ఎన్నో తరాలు బాధపెట్టింది. అదే పనాయ్ దీవిలో వంశపారంపర్యంగా వచ్చే ఒక నరాల జబ్బు ఉంది. తల్లి నుంచి కొడుక్కు వస్తుంది, ఎక్కువగా నడివయసు మగవాళ్లలో బయటపడుతుంది. మెడ మెలిపడుతుంది, దవడ బిగుసుకుంటుంది, నాలుక తనంతట తానే బయటికి వస్తుంది, నడక వంకర్లు పోతుంది. 1970లలో వైద్యులు దీన్ని ఒక ప్రత్యేక జబ్బుగా గుర్తించి రాశారు. అక్కడ కనబడే ఆ మెలికలనే చూసి చుట్టుపక్కలవాళ్లు అస్వాంగ్ కథను కాపిజ్‌కు అంటగట్టి ఉంటారని చెప్పిన వైద్యులు, పరిశోధకులు ఉన్నారు. ఒక రోగం ఒక ప్రాంతాన్నంతా రాక్షసుల సీమగా మార్చిందంటే ఆ రోగులు ఎంత మోశారో ఆలోచించండి.

ఆ దేశంలోనే నిద్రలో చచ్చిపోయే యువకుల కథ ఒకటి ఉంది. రాత్రి అన్నం తిని పడుకున్న ఆరోగ్యవంతుడు మూలిగి మూలిగి తెల్లారేసరికి శవమవుతాడు. లావాటి ఆడభూతం గుండెల మీద కూర్చుందని చెప్పుకున్నారు. బొటనవేలు కొరుక్కో, కాలివేళ్లు కదిలించు అని పెద్దలు జాగ్రత్త చెప్పేవారు. 1992లో బ్రుగాడా సోదరులు గుండె కొట్టుకునే తీరులో ఒక ప్రత్యేకమైన లోపాన్ని ప్రపంచానికి చూపించారు. ఆ నిద్ర చావుల్లో చాలావాటికి ఆ లోపమే కారణమని ఇప్పుడు వైద్యులు భావిస్తున్నారు. ఈసీజీ తీస్తే దాన్ని పట్టుకోవచ్చు. వైద్యం ఉన్న జబ్బుకు దయ్యం పేరు పెట్టిన ప్రతిసారీ ఒక ప్రాణం దవాఖాన దాకా పోకుండానే పోయింది.

ఇక మన జిల్లాకే వద్దాం. 2025 ఏప్రిల్‌లో బాన్సువాడ వైపు నసురుల్లాబాద్ మండలం ఊళ్లలో కల్తీ కల్లు తాగి పదులమంది దవాఖానలో పడ్డారు. మెడలు వంకరపోయాయి, నాలుక మందమై మాట తడబడింది, కొందరు మతి తప్పినట్టు మాట్లాడారు. కాపిజ్ వాళ్లను అస్వాంగులు అనిపించి ఉంటాయన్న లక్షణాలూ ఇలాంటివే కదా! తెలంగాణ కల్లులో మత్తు కోసం కలిపే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్‌ల మాట మనకు కొత్త కాదు. 2015లో కల్తీ మీద ప్రభుత్వం దాడులు చేసి సరఫరా ఆగినప్పుడు, ఆ మత్తుకు అలవాటుపడ్డ ఎంతోమంది నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో వణుకు, ఫిట్స్, వింత చేష్టలతో దవాఖానల ముందు నిలబడ్డారు. ఇలాంటిదే రాత్రిపూట ఒకే ఇంట్లో, ఒక్క మనిషికి మాత్రమే వచ్చి ఉంటే? మెడ వంకర పోయిన కొడుకును చూసి ఆ తల్లి మొదట కల్లును అనుమానిస్తుందా, కిట్టనివాళ్లను అనుమానిస్తుందా? 2025లో ఆ పదులమందికి జరిగిన మేలు ఏమిటంటే వాళ్లంతా ఒకేసారి పడిపోయారు, అందుకే అందరి చూపూ ముంతవైపు తిరిగింది. ఒంటరిగా పడిన రోగికి ఆ అదృష్టం ఉండదు.

బాణామతి ఎలా పుడుతుంది

బాణామతి గురించి మన ఊళ్లలో చెప్పుకునేవి దాదాపు ఒకేలా ఉంటాయి. ఇంటి మీద రాళ్లు పడ్డాయి. దండెం మీది బట్టలు వాటంతటవే కాలాయి. కోడలు కుక్కలా అరిచింది, నాలుక లోపలికి లాక్కుంది, శిగమూగింది. ఒంటి మీద గీతలు, బొమ్మలు, కాలిన మచ్చలు లేచాయి.

ఆ మచ్చల దగ్గరే కాసేపు ఆగుదాం. పొద్దున లేచేసరికి ఒకామె వీపు మీద, చేతి మీద గీత గీసినట్టు నల్లని వాతలు, వాటి వెంట నీటి పొక్కులు, చుట్టూ మంట, దురద. దగ్గరికి వెళ్లి చూడండి. మధ్యలో ముదురు గోధుమరంగు చార, దాని అంచున చిన్న చిన్న పొక్కులు వరుసగా ఉంటాయి. కారినచోట చార కింది వైపు సన్నగా సాగి ఉంటుంది. చేయి అందే చోట ఎక్కువ, చేయి అందని నడివీపున తక్కువ. ఇది నల్లజీడి గింజ పాలు చేసే పని. అదే గింజ పసిపిల్లల మొలతాడుకు దిష్టి తగలకుండా కడతాం, అదే గింజ పాలతో చాకలి ఇంటింటి బట్టకూ చెరగని గుర్తు పెట్టేవాడు. ఆ పాలు చర్మానికి తగిలితే వెంటనే ఏమీ కాదు. కొన్ని గంటలకో, మర్నాటికో పొక్కుతుంది. ఆ ఆలస్యమే అందరినీ మోసం చేస్తుంది, పెట్టిన చేయి ఎవరిదో ఎవరికీ గుర్తుండదు.

ఆ చేయి ఒక్కోసారి కిట్టనివాళ్లదీ కావచ్చు, డబ్బు కోసం వచ్చిన మంత్రగాడిదీ కావచ్చు. ఒక్కోసారి ఆమెదే కావచ్చు. ఈ చివరి మాట చెప్పి ఆమెను నిందించడం నా ఉద్దేశం కాదు. ఇంట్లో నోరెత్తి ఒక్క మాట అనలేని కోడలు, దేశం కాని దేశంలో భర్త ఉండి బీడీలు చుడుతూ అత్తింట్లో రోజులు లెక్కపెట్టుకునే పిల్ల, శిగమొచ్చినప్పుడు మాత్రం మామను నిలదీయగలుగుతుంది, అందరూ తన చుట్టూ కూర్చునేలా చేసుకోగలుగుతుంది. మనసు తట్టుకోలేని బాధ ఒంటి మీదికి దిగడం మనోవైద్యులకు తెలిసిన జబ్బే. ఆమె కావాలని నటించడం లేదు, ఆమెకు ఆ క్షణాన వేరే భాష లేదు. ఆ భాష వినగలిగిన వైద్యుడు కావాలి ఆమెకు.

మంటలు, రక్తం మాటకొస్తే, మంత్రగాళ్ల పెట్టెలో ఉండేవి మన బడి ప్రయోగశాలలో ఉండేవే. తెల్ల భాస్వరం గాలి తగిలితే తనంతట తానే మండుతుంది. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పోస్తే కాసేపట్లో మంట లేస్తుంది. మందారపువ్వుతో తోమి ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే ఎర్రని రసం కారుతుంది. పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రనవుతుందని దిష్టి తీసే ప్రతి అమ్మమ్మకూ తెలుసు. ఆ మార్పు వెనకున్న ఆమ్లాలు, క్షారాల సంగతి పదో తరగతి పాఠంలోనే ఉంది. ఈ ఊరి సైన్సు టీచర్లకు నా మనవి: ఆ పాఠం చెప్పే రోజున నిమ్మకాయను బల్ల మీద పెట్టి పిల్లల చేతనే కోయించండి. ఆ పిల్లలు ఇంటికెళ్లి అమ్మకు చూపిస్తారు.

1980 దశకంలో మెదక్ జిల్లా ఊళ్లను బాణామతి భయం ఊపేసినప్పుడు ఇలాంటి పని పెద్ద ఎత్తున జరిగింది. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టి తర్వాత విజయవాడకు తెచ్చిన నాస్తిక కేంద్రం కార్యకర్తలు, వైద్యులు, ఇంద్రజాలికులు ఆ ఊళ్లకు వచ్చారు. ఆ తర్వాత జనవిజ్ఞాన వేదిక, హేతువాద సంఘాలు, పోలీసు కళాబృందాలు ఆ పని అందుకున్నాయి. రాత్రి పూట ఊరి నడుమ మంత్రగాడి గారడీ చేసి చూపించి, తెల్లారి ఇంటింటికీ పోయి రోగులను చూశారు. నమ్మేవాళ్లను వెక్కిరించినచోట ఆ పని నిలవలేదు, కూర్చుని విన్నచోట నిలిచింది.

పేరు చెప్పు

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. జబ్బు వచ్చింది. చుట్టాలు వచ్చారు. ఎవరో అన్నారు, “ఇది దవాఖాన రోగం కాదే, ఎవరో చేసిండ్రు” అని. మంత్రగాణ్ణి పిలిచారు. ముగ్గు పడింది, నిమ్మకాయలు, కుంకుమ, నల్లకోడి వచ్చాయి. రోగిని కూర్చోబెట్టి వేపమండలతో కొడుతూ అడుగుతాడు, “ఎవరు పెట్టిండ్రు? పేరు చెప్పు, చెప్పు!” చెప్పేదాకా వదలడు. దెబ్బలు ఆగాలంటే ఏదో ఒక పేరు నోట్లోంచి రావాలి. నోటికి వచ్చే పేరు ఎవరిది? ఇంట్లో ఇంతకుముందే పదిసార్లు చెడుగా అనుకున్న పేరు. గెట్టు తగాదా ఉన్న పాలివాడిది, వడ్డీకి డబ్బు ఇచ్చినవాడిది, ఒంటరిగా ఉండే ముసలామెది, నాటుమందు ఇచ్చే మనిషిది, పక్క వాడలోని పేద కులం మనిషిది.

ఫిలిప్పీన్స్‌లోనూ ఇంతే. అల్బులార్యో అనే నాటువైద్యుడు పటిక కరిగించో, మైనం కరిగించో నీళ్లలో పోసి, గడ్డకట్టిన ఆకారం చూసి రోగానికి కారణం చెబుతాడు. ఆ ఆకారంలో కనబడింది చెట్టు మీది భూతమైతే చెట్టు కింద అన్నం పెట్టి వస్తారు, కథ అక్కడితో ముగుస్తుంది. మనిషి ముఖం కనబడిందంటే మాత్రం ఆ మనిషి ఇంటికి దారి పడుతుంది. నీళ్లలో పోసిన మైనం ఎలా తిరిగినా, చూసేవాడి మనసులో ఉన్న ముఖమే అందులో కనబడుతుంది.

ఆ తర్వాత జరిగేది మనకు తెలుసు. మంత్రం సరిగా పలకకుండా చేయాలని నిందపడ్డ మనిషి ముందుపళ్లు రాయితో ఊడగొట్టడం తెలంగాణలో ఎన్నో ఊళ్లలో జరిగిన ఘోరం. 2019 సెప్టెంబరులో శామీర్‌పేట ప్రాంతంలో జబ్బుతో చనిపోయిన ఒక మహిళకు చేతబడి చేశాడన్న అనుమానంతో ఒక యువకుణ్ణి చంపి, ఆమె చితిలోనే వేశారు. 2022 జనవరిలో జగిత్యాలలో కులసంఘం సమావేశం జరుగుతున్నచోటే ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను పొడిచి చంపారు. 2023లో సంగారెడ్డి జిల్లాలో భార్యాభర్తలను చెట్టుకు కట్టేసి కొట్టారు. 2024 అక్టోబరులో మన పొరుగునే, మెదక్ జిల్లా రామాయంపేట మండలంలో ఒక మహిళ మీద పెట్రోలు పోసి నిప్పంటించారు. ఆమె బతకలేదు. ఇవేవీ అడవిలో, అర్ధరాత్రి ఒంటరిగా జరిగినవి కావు. చూసేవాళ్లు ఉన్నారు, వినేవాళ్లు ఉన్నారు. చంపినవాళ్లు ఆ రోజు దాకా అదే వాడలో అన్నా, వదినా అని పిలిచినవాళ్లే. ఇన్ని వందల ఏళ్లలో ఎవరి మంత్రమూ ఎవరినీ చంపినట్టు రుజువు కాలేదు. మంత్రం మీది భయం చంపినవాళ్ల శవాలు మాత్రం లెక్కకు ఉన్నాయి.

గెట్టుకు అటు చట్టం, ఇటు లేదు

మహారాష్ట్రలో సతారా నుంచి వచ్చిన వైద్యుడు నరేంద్ర దభోల్కర్ 1989లో అంధశ్రద్ధ నిర్మూలన సమితిని మొదలుపెట్టి, చేతబడి పేరిట జరిగే అఘాయిత్యాలకు ఒక చట్టం కావాలని ఏళ్ల తరబడి అడిగారు. 2013 ఆగస్టు 20న పుణెలో ఉదయపు నడకకు వెళ్లిన ఆయనను కాల్చి చంపారు. ఆ వారంలోనే మహారాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, ఆ ఏడాది డిసెంబరులో అది చట్టమైంది. ఒక మనిషికి మంత్రగాడని, మంత్రగత్తె అని ముద్ర వేసి బతుకు దుర్భరం చేయడమే ఆ చట్టం కింద నేరం. శిక్ష ఆరు నెలల నుంచి ఏడేళ్ల దాకా. ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి.

తెలుగు నేలకు పొరుగున ఉన్న ఈ నాలుగు రాష్ట్రాలకూ చట్టం ఉంది. మనకు లేదు. మన జిల్లాలోని మద్నూర్ దాటి మహారాష్ట్రలోని దెగ్లూర్‌లో అడుగుపెడితే “నువ్వే బాణామతి పెట్టినవ్” అని ఊరి నడుమ ఒకరి మీద ముద్ర వేసి తరమడం నేరం. మద్నూర్‌కు ఇటువైపు ఆ మాట ఒక్కటే అయితే పోలీసులు రాజీ చేసి పంపుతారు. దెబ్బ పడ్డాక, ప్రాణం పోయాక హత్యకేసు ఉంటుంది, శిక్షా ఉంటుంది. అయితే దెబ్బ పడే ముందు నెలలపాటు ఆ మనిషి బావి దగ్గర, కిరాణం దగ్గర, పెళ్లిలో పడే అవమానాన్ని పట్టుకునే సెక్షన్ సరిగా లేదు. హత్యలు ఆగాలంటే ముద్ర వేసే మాట దగ్గరే చట్టం చేయి అడ్డం పెట్టాలి. శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అని 1976లో మన రాజ్యాంగంలో చేరింది. ఆ విధికి ఒక చట్టం తోడు కావాలని తెలంగాణ శాసనసభను అడిగే హక్కు ఎల్లారెడ్డి నియోజకవర్గపు ఓటర్లకు పూర్తిగా ఉంది.

మనం చేయగలిగినవి

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఈ సభలో ఉన్నవాళ్లే చేయగలిగిన పనులు కొన్ని చెబుతాను.

మొదటిది, మొదటి రోజు. ఫిట్స్, మెడ మెలిపడటం, మాట పోవడం, మతి తప్పిన మాటలు, ఒంటి మీద పొక్కులు, వీటిలో ఏది కనబడినా ముందు పిలవాల్సింది 108ని. కామారెడ్డిలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మనసు బాధలకు టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. శాంతి చేయించుకుంటామన్నవాళ్లను కోప్పడకండి. దవాఖానకు పోయివచ్చాక చేయించుకోమనండి. పోచమ్మకు బోనం పెట్టినందువల్ల ఎవరికీ నష్టం లేదు, మందు ఆలస్యమైతేనే నష్టం.

రెండోది, పేరు. మంత్రగాడు వచ్చి “పేరు చెప్పు” అంటున్నాడని తెలియగానే ఆ ఇంటికి ఒక్కరైనా పోవాలి. ఆశా కార్యకర్త కావచ్చు, అంగన్‌వాడీ టీచరు కావచ్చు, మహిళా సంఘం లీడరు కావచ్చు, సర్పంచి కావచ్చు. తండాల్లో నాయక్, వాడల్లో కులపెద్ద ఆ పని ఇంకా బాగా చేయగలరు. పేరు బయటికి వచ్చేసి ఉంటే ఆ పేరుగల మనిషికి తోడుగా ఆ రాత్రి ఎవరో ఒకరు ఉండాలి, 112కు ఫోన్ చేయాలి. కులపంచాయితీలో ఈ విషయం పెట్టడమే తప్పు. నిందపడ్డ మనిషిని నిప్పు మీద ప్రమాణం చేయమనడం, జరిమానా వేయడం, గుండు కొట్టించడం న్యాయం కాదు, నేరంలో రెండో మెట్టు.

మూడోది, కథ. రామరాజు గారు బతికి ఉంటే ఈ మూడో పని మీద ఎక్కువ మాట్లాడేవారనుకుంటాను. తాడ్వాయి చుట్టుపక్కల బడుల పిల్లలు తమ అమ్మమ్మల దగ్గర కూర్చుని దయ్యం కథలు రాసుకోవాలి. కొరివిదయ్యం ఏ చెరువుగట్టు మీద తిరిగేది, బావి దయ్యం ఎవరిని భయపెట్టింది, బాలింత గుమ్మానికి వేపమండ ఎందుకు కట్టేవాళ్లు, అన్నీ రాయాలి. ఫిలిప్పీన్స్‌లో మాక్సిమో రామోస్ అనే పరిశోధకుడు అక్కడి భూతాలన్నిటినీ జాతులవారీగా పోగుచేసి 1971లో పుస్తకం వేశాడు. ఇప్పుడు ఆ భూతాలు పిల్లల బొమ్మల పుస్తకాల్లో, కామిక్సుల్లో, సినిమాల్లో హాయిగా ఉన్నాయి. పుస్తకానికెక్కిన దయ్యానికి పిల్లలు ప్రేమగా భయపడతారు. దాన్ని వెతుక్కుంటూ పక్కింటికి పోరు.

కథను కాపాడటం, మనిషిని కాపాడటం వేరువేరు పనులని కొందరు అనుకుంటారు. హేతువాదులు కథలను చులకన చేశారని జానపద పరిశోధకులు, పరిశోధకులు నమ్మకాలకు కొమ్ముకాశారని హేతువాదులు ఒకరినొకరు అనుకోవడం విన్నాను. ఈ ఊళ్లలో ఆ రెండు పనులూ కలిసే జరగాలి. పాటను రాసుకున్న చేయే, ఆ పాట పాడిన అమ్మ మీద పడబోయే రాయిని అడ్డుకోవాలి. నాటుమందు ఇచ్చే ఆ అమ్మే, దయ్యం కథలు బాగా చెప్పే ఆ అమ్మే, ఊరికి జబ్బు వచ్చిన రోజున మొదట అనుమానానికి గురయ్యే మనిషి. ఆమె దగ్గర కథ తీసుకుని ఆమెను ఒంటరిగా వదిలేస్తే మనం రామరాజు గారి శిష్యులం కాము.

కాబట్టి ఈ సభ ముగిసేలోగా ఒక మాట అనుకుందాం. వచ్చే గ్రామసభలో ఒక తీర్మానం పెట్టండి: మా ఊళ్లో ఎవరినీ చేతబడి చేశారని అనం, అననివ్వం, అన్నవాళ్ల మీద ఫిర్యాదు చేస్తాం. తాడ్వాయి పెడితే లింగంపేట వింటుంది, గాంధారి వింటుంది. నాలుగు మండలాల తీర్మానాలు చేతిలో పట్టుకుని హైదరాబాద్ పోయి చట్టం అడుగుదాం. ఆ రోజు మీ వెంట నడవడానికి నేనూ వస్తాను.